ముసవ్విర్ జంగు దీనదయాళు

1902 వ సంవత్సరపు వేసవిలో వరంగల్లు సీమయందలి నెక్కొండ చెంత అడవులలో కర్జను ప్రభువు పులివేట యాడెను. ఆ వేటకు గుర్తుగా దీసిన ఛాయాచిత్రములు నేటికిని గలవు. చచ్చిన పులి యున్నది. తుపాకి పట్టిన దొర యున్నాడు. పులిని పొదలనుండి వెడలగొట్టిన మన్యపు బీదల పేళ్లు మాత్రము ఏ చిత్రము క్రిందను లేవు. ఆ వేటకు కొలదివారములకు ముందే, మార్చి 30 వ తేదీన, అదే రాజప్రతినిధి హైదరాబాదులో మహబూబు ఆలీ పాషాతో ముఖాముఖి మాటలాడి, బేరారు మండలమును ఏటేట 25 లక్షల రూపాయల కట్టుబడికి శాశ్వతముగ గవులు కిచ్చునట్లు ఆయనను లొంగదీసెను. ఆ సంవత్సరము నవంబరులో ఒడంబడిక వ్రాతమూలకమైనది. ఆ పర్యటనలో రెండు వేటలు జరిగినవని మేము తలంతుము. పులి ఛాయాపటమున కెక్కినది, బేరారు ఎక్కలేదు.

ఆ పటములను దీసిన సంస్థ తెల్లవారిది కాదు. సికిందరాబాదున వెలసిన దీనదయాళుగారిది. మువ్వన్నె జెండాను మ్రొక్కు చేతులతో ఈ పేరును కూడ గౌరవింపవచ్చునా యని సందేహించువారు గలరు. రాజప్రతినిధుల వెంట పెట్టె మోసికొని తిరిగినవాడు, నవాబుల దీపస్తంభముల నెంచి పటము గట్టినవాడు, విక్టోరియా రాణి బిరుదును దుకాణపు నొసట వ్రాయించుకొన్నవాడు దేశమునకు జేసిన మేలేమని వారి యాక్షేపణ. ఆక్షేపణ సామాన్యమైనది కాదు. కాని ముప్పది యేండ్లలో ఆయన చూపు ఎక్కడ బయలుదేరి ఎక్కడకు జేరెనో వరుసగా జూడక తీర్పు చెప్పుట తగదు. ఆ వరుసను చెప్పుటకే ఈ వ్యాసము.

దీనదయాళుగారు 1844 లో మీరటు సమీపమందలి సర్ధనా పట్టణమున జైనకుటుంబమున జన్మించిరి. బేగం సమ్రూ ఏలిన పట్టణమది. మీరటు సిపాయిలు 1857 మే 10 వ తేదీన తిరుగబడినప్పుడు ఆయనకు పదుమూడేండ్లు. తిరుగుబాటు అణగిన పిదప ఉత్తరదేశమున యువకులకు తెరచియున్న బాటలలో సర్కారు ఇంజనీరింగు విద్య యొకటి. గంగ కాలువను త్రవ్వుటకు గావలసిన పనివారిని తయారుచేయుటకై రూర్కీలో స్థాపింపబడిన థామసన్ కళాశాలలో ఆయన చదివి, 1866 లో ఉత్తీర్ణులై, ఇందూరు నగరమున పబ్లిక్ వర్క్స్ శాఖలో అంచనాలు కట్టుటకును నక్షాలు గీయుటకును ఉద్యోగిగ జేరిరి. కొలుచుట ఆయన కులవిద్య కాదు, కళాశాలలో నేర్చిన విద్య. గోడ ఎంత యెత్తు, కమాను ఎంత వెడల్పు, రాయి యెంత, సున్న మెంత, కూలి యెంత—ఎనిమిదేండ్లపాటు ఆయన కన్ను ఈ లెక్కలకు అలవాటు పడెను. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకమం దుంచుకొనవలెను. చిత్రకారులు సాధారణముగ రంగునుండి బయలుదేరుదురు. ఈయన కొలబద్దనుండి బయలుదేరిరి.

1874 లో, ముప్పదవ యేట, ఆయన కెమేరాను చేబట్టిరి. అప్పటి ఛాయాగ్రహణ మెట్టిదో నేటివారికి చెప్పినగాని తెలియదు. గాజుపలకపై కొలోడియను అను జిగటద్రవమును ఎక్కడను చారలు పడకుండ పారింపవలెను. చీకటి డేరాలో దానిని వెండి నైట్రేటు తొట్టిలో ముంచవలెను. తడి యారకముందే కెమేరాలో నమర్చి వెలుగు చూపి, మరల డేరాలోనికి పరుగెత్తి మందుతో కడిగి బొమ్మను స్థిరపరుపవలెను. ఇదియంతయు పది పదునైదు నిమిషములలో ముగియవలెను. మాళవపు ఎండలో ఆ ద్రవము ఇంకను త్వరగా నారిపోవును, డేరాలో ఊపిరాడదు, కడుగుటకు శుభ్రమైన నీరు దొరకదు, గాలివీచెనా దుమ్ము పలకకు అంటుకొనును. చిన్నబొమ్మను పెద్దది చేయు సాధనములు వాడుకకు రాలేదు గనుక ఎంత పటము గావలెనో అంత పలకనే మోసికొని పోవలసియుండెను. పలకలు, సీసాలు, తొట్లు, డేరా, ముక్కాలిపీట—అన్నియు బండికెక్కించి గతుకుల బాటలలో సాగించవలెను. ఒక్క పలక పగిలిన ఒక దినపు పని పోయినట్లే. తరువాత కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితమును ఆ పలకకు ఆనించి ఎండలోబెట్టి పటము దింపవలెను. ఆ పటములలో నేడు మనకు కనబడు బంగారుచాయ కంతకును వెనుక ఇంత కాయకష్ట మున్నది.

ఈ విద్య అప్పటికే మనదేశమునకు వచ్చి ముప్పదియేండ్లు దాటినది. అయినను దాని యాజమాన్యము చాలవరకు తెల్లవారిదే. సామ్యుయేలు బోర్ను హిమాలయములకు కూలీల దండుతో ఎక్కి పటములు దీసెను. ప్రభుత్వమువారు 1868 మొదలు 1875 వరకు ఎనిమిది సంపుటములలో మన జాతుల ఛాయాచిత్రములు ప్రకటించిరి. అందు మనుష్యుడు మనుష్యుడుగ గాక జాతికొక మచ్చుగ, అంగడిలో గుడ్డతునుకవలె, అతికింపబడెను. భారతీయులలో ఈ కళ నెరిగినవారు లేకపోలేదు. జయపుర మహారాజు రామసింగు స్వయముగ కెమేరా పట్టెను. కాని రాజునకు అది వినోదము, జీవనము కాదు. జీతముమీద బ్రదుకు నొక నక్షాపనివాడు దానినే వృత్తిగ జేసికొని తెల్లవారి సంస్థలతో సరితూగుట యన్నది వేరు సంగతి.

ఇందూరు మహారాజు తుకోజీరావు హోల్కరును, అక్కడి ఆంగ్లప్రతినిధి సర్ హెన్రీ డేలీయును దీనదయాళుగారిని ప్రోత్సహించిరి. 1875-76 లో వేల్సు యువరాజు పర్యటనకు వచ్చినప్పుడు ఆయన పటములు దీసిరి. పేరు కొంత వ్యాపించెను. కాని ఆయన చేతిపస బయల్పడినది దొరల గుంపులలో గాదు, రాళ్లలో.

1882 లో, డేలీ తరువాత ఆ పదవికి వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిను బుందేలుఖండమున పర్యటన చేయుచు ఆయనను వెంటబెట్టుకొనిపోయెను. ఈ గ్రిఫిను భోపాలు వ్యవహారమున జేసిన పెత్తనమును, అమృతబజారు పత్రిక యాతనిని తూర్పారబట్టిన విధమును మా వృత్తిలోనివారికి క్రొత్త గాదు. ఆ కథ ఇక్కడ నక్కరలేదు. ఈ పర్యటనలోను, దానికి ముందు వెనుకలను దీనదయాళుగారు గ్వాలియరు కోటయందలి మానమందిరమును, ఖజురాహో దేవాలయములను, ఓర్ఛా దతియా ప్రాసాదములను, సాంచీ తోరణములను గాజుపలకల కెక్కించిరి. వానిలో ఎనుబది పైచిలుకు పటములతో 1886 లో లండనులో మధ్యభారతపు ప్రసిద్ధ కట్టడములను గూర్చిన గ్రంథము వెలువడెను. అట్టమీది పేరు గ్రిఫినుది. పుట త్రిప్పి చూచువాడు చదువునది గ్రిఫినును. నిలిచి చూచునది దీనదయాళును.

ఈ పటములను తెల్లవారు దీసిన వానిప్రక్క నుంచి చూచిన భేదము తెలియును. తెల్లవారికి మన శిథిలము లనిన వల్లమాలిన ప్రీతి. మఱ్ఱియూడలు కప్పిన గోపురము, కూలిన మంటపము, దాని నీడలో కునుకుచున్న బైరాగి—ఇవి యున్నగాని వారికి పటము రుచింపదు. చచ్చిపోయిన నాగరకతకు తాము వారసులమని చెప్పుకొనుటకు అట్టి బొమ్మ అనువుగ నుండును. దీనదయాళుగారి కట్టడములు కూలుచున్నట్లు గాక నిలుచున్నట్లు కనబడును. నిలువుగీతలు నిలువుగనే యుండును. గోడ మొదలు కొసవరకు స్పష్టముగ నుండును. ఎక్కడనో యొక మూల నొక మనుష్యు డుండును. వాడు అలంకారమునకు గాదు, ఎత్తు తెలియుటకు. రూర్కీలో నేర్చిన కొలబద్ద ఇక్కడ పనికివచ్చినది. ఈ గోడను మరల కట్టవలసివచ్చిన రాతిరాతికి లెక్క యీయగలనని పటము చెప్పుచున్నట్లుండును. మా అభిప్రాయమున ఆయన పనిలో కళయనదగినది మొదట పుట్టినది ఇక్కడనే. తరువాత ఆయన ఎన్నియో విధములుగ మారిరి గాని ఈ నిలుకడ ఆయనను విడువలేదు.

1885 లో డఫ్రిను ప్రభువు పరిచయ మయ్యెను; రాజప్రతినిధి ఛాయాగ్రాహకుడను హోదా లభించెను. అంతట దీనదయాళుగారు మొదట దీర్ఘమైన సెలవు పుచ్చుకొని, పిదప సర్కారు నౌకరినే విడిచిపెట్టిరి. నలువదేండ్లు దాటిన సంసారి, పింఛనుగల యుద్యోగమును వదలి, గాజుపలకలను నమ్ముకొనుట సాహసమే. మన పట్టణములలో నేటికిని తాలూకా గుమాస్తా పని దొరికినవాడు దానిని పట్టుకొని వ్రేలాడు తీరు మనమెఱుగమా?

ఆ దశకపు నడుమనే ఆయనకు నిజాము కొలువు దొరకెను. 1886 లో సికిందరాబాదున స్టూడియో వెలసెను. ఇక్కడినుండి ఆయన చరిత్ర మనదగును. మొదటి సాలారుజంగు 1883 లో గతించెను. మహబూబు ఆలీ పాషా 1884 లో యుక్తవయస్కుడై అధికారము స్వీకరించెను. క్రొత్త కొలువు, క్రొత్త రైలు, క్రొత్త మేడలు. ప్రతి అమీరునకు తన దేవిడీ నలుగురికి జూపుకొనవలెనను ఆతురత. ఛాయాగ్రాహకునకు అంతకంటె కాలము గలిసివచ్చుట యేమున్నది?

ఇక్కడ ఆయన రెండు క్రొత్తవిద్యలు నేర్చుకొనవలసివచ్చెను. మొదటిది మనుష్యుని ముఖము. రాయి కదలదు; నవాబు కదలును. స్టూడియోలో వెలుగును తెరలతో ఎక్కువ తక్కువ చేసి, వెనుక రంగులతెర వ్రేలగట్టి, కూర్చున్నవాని తల కదలకుండ వెనుక ఇనుపకొక్కెము నానించి, రెప్పవాల్చవద్దని బ్రతిమాలి పటము దీయు రోజులవి. అట్టి బంధనములలో సహజమైన ముఖమును రాబట్టుట కష్టము. దీనదయాళుగారి ముఖచిత్రములన్నియు ఉత్తమములని మేము చెప్పజాలము. పెక్కింటిలో తురాయి, కత్తి, పతకము మాత్రమే మిగిలి మనుష్యుడు మాయమగును. దర్బారు గుంపులలో వరుసలు తీర్చి కూర్చుండబెట్టిన దొరలును ఉమరావులును అంచనా కాగితములోని అంకెలవలె నుందురు. అయినను కొన్నిటిలో, ముఖ్యముగ బిడ్డల పటములలో, నగలబరువు క్రింద ఒక పసిముఖము బెదురుగ మనవైపు చూచును. అచ్చట ఆ కొలబద్ద చేయి వణకినట్లు మాకు దోచును.

రెండవది మేడల లోపలిభాగము. బషీరుబాగు, ఫలక్‌నుమా మొదలగు ప్రాసాదములలోని గదులను ఆయన దీసిన తీరు విచిత్రమైనది. అద్దములు, దీపగుచ్ఛములు, ఐరోపానుండి దెప్పించిన కుర్చీలు, తివాసీలు—అన్నియు నున్నవి, మనుష్యుడు లేడు. లోపలి మసకవెలుగునకు పలక చాలసేపు తెరచి యుంచవలసియుండెను గనుక మనుష్యుడు నిలువలేడు, నిజమే. కారణము యంత్రమునకు సంబంధించినదే కావచ్చును. కాని చూచువాని మనస్సున గలుగు భావము వేరు. ఇంత సంపద యెవరికొరకై తెరచియున్నది? ఆ బషీరుబాగు ప్రాసాదము తరువాత నేలమట్టమైనది. పేటకు పేరు మిగిలినది; ఆ గదులు గాజుపలకలమీద మిగిలినవి.

గోలకొండ కోట, కుతుబుషాహీ సమాధులు, దౌలతాబాదు, ఎల్లోరా—నిజాము రాజ్యమునందలి పురాతనస్థలములన్నియు కూడ ఆయన కెమేరాకు జిక్కినవి. ఇందూరులో మొదలుపెట్టిన పనికి ఇది పొడిగింపు. ఈ పటముల విశేషమును విస్తరింపము.

1892 లో ఆయన హైదరాబాదున జనానా స్టూడియో యని స్త్రీలకొరకు వేరుగ నొక స్టూడియోను స్థాపించిరి. చుట్టును ఎత్తైన గోడలు. లోపల పనిచేయువారందరు స్త్రీలే. నడపునది కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనిత. ఘోషాలోని స్త్రీలు పల్లకిలో వచ్చి, పరపురుషుని కంటబడకుండ పటము దీయించుకొని పోవుచుండిరి. ఘోషా మంచిదా చెడ్డదా యను వాదము వేరు. కాని అంతవరకు తన ముఖము తన యింటి అద్దములో దప్ప మరియెచ్చటను చూచుకొని యెఱుగని యిల్లాలు, తన బొమ్మను చేతబట్టుకొని చూచుకొన్న దినము సామాన్యమైనది గాదు. లాభమునకే చేసిరందురా? అగుగాక. లాభమును జూచిన వేరు వర్తకులెవ్వరికిని ఆ యాలోచన రాకపోవుటయే ఆశ్చర్యము.

బిరుదులు వరుసగ వచ్చినవి. 1893 లో చికాగో మహాప్రదర్శనమున బహుమానము. 1894 లో నిజామునుండి రాజా బహదూరు ముసవ్విర్ జంగు అను బిరుదు. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. జంగు అనగా యుద్ధము. చిత్రరణశూరుడని మనము తెనిగించుకొనవచ్చును. 1896 లో బొంబాయిలో గూడ స్టూడియో తెరువబడెను. కుమారులు జ్ఞానచంద్, ధరమ్‌చంద్ గార్లు పనిలో తోడుపడుచుండిరి. ఇప్పుడు సంస్థ పెద్దదైనది. దీనదయాళు అను పేరుగల ప్రతి పటమును ఆయనయే తన చేతితో దీసినారని యెంచరాదు. నేతపరిశ్రమలో పెద్దసాలె పేరు బట్టలన్నిటిమీదను పడినట్లే.

ఈలోపల యంత్రము మారినది. తడిపలకలు పోయి, ముందుగనే మందు పూసి యారబెట్టిన పొడిపలకలు వచ్చినవి. డేరా యక్కరలేదు, పరుగు లేదు, అన్నిటికంటె ముఖ్యముగ, క్షణములో బొమ్మ దీయవచ్చును. రాళ్లవద్ద తపస్సు చేసినట్లు నిలుచుండిన చేయి ఇప్పుడు పరుగిడు గుఱ్ఱములను, కదలు సేనలను పట్టుకొనజొచ్చెను. ఒకే మనుష్యుడు ఒకే జీవితములో కదలని గోడనుండి కదలు గుఱ్ఱమువరకు తన విద్యను దిద్దుకొనుట చూడుడు. ఏబదియేండ్లు వచ్చిన పిదప క్రొత్తపనిముట్టును నేర్చువారు మనలో నెందరు?

ఇక కఱవుమాట. 1896 లో బొంబాయికి ప్లేగు వచ్చెను; ఆ యేడే వానలు తప్పి దేశమున కఱవు ప్రవేశించెను; 1899-1900 లో మరల అంతకు మించిన కఱవు వచ్చి దక్కనును పిండిచేసెను. మరాట్వాడాలో ఔరంగాబాదు ప్రాంతమున నిజాము ప్రభుత్వము కఱవుపనులు పెట్టించి, తన ధర్మమును లోకమునకు జూపుటకై ఆ పనుల ఛాయాచిత్రములు దీయించెను. ఆ పని దీనదయాళుగారి సంస్థకే వచ్చెను.

కఱవును ఛాయాచిత్రముగ దీయుట మన తెలుగువారికి చేదు జ్ఞాపకము. 1876-78 నాటి ధాతకఱవు బళ్లారి, కర్నూలు, కడప సీమలను ఎట్లు ఊడ్చివేసెనో మన పెద్దలు కథలుగ జెప్పిరి. ఆ కఱవున హూపరను తెల్లసేనాని ఎముకలగూళ్లవంటి మనుష్యులను వరుసలుగ నిలుపుకొని పటములు దీసి, వారి కడుపు నింపకయే పంపివేసెనని అప్పుడే పెద్ద యాక్షేపణ బయలుదేరెను. ఆ పటములను చూచినవారు మరచిపోలేరు, మన్నింపను లేరు. అందలి మనుష్యుడు ఆకలికి మచ్చు, ఎనిమిది సంపుటములలోని జాతికి మచ్చువలెనే.

ఔరంగాబాదు చిత్రములు వేరువిధముగ నున్నవి. ఇవియు ప్రభువు మెప్పునకు దీసినవే. ప్రక్కన అధికారులు నిలిచియుందురు. ఏర్పాటులు చక్కగ సాగుచున్నవని చెప్పుటకే అవి యుద్దేశింపబడినవి. కాని చూచువాని కన్ను అధికారియొద్ద ఆగదు. మట్టిగంపలతో మనుష్యులు, అన్నమునకు గూర్చున్న బారులు, ఆ బారుల పొడవు. కట్టడములకు నేర్చిన కొలత ఇక్కడ ఆకలికి వచ్చినది. ఖజురాహోలో ఒక మనుష్యుని నిలిపి గోపురపు టెత్తును జూపినవాడు, ఇక్కడ ఒక అధికారిని నిలిపి ఆకలి పొడవును జూపినాడు. ఆయన ఉద్దేశించి చేసిరని మేము వాదింపము. నిష్ఠగా కొలుచువాడు యజమాని కోరిన లెక్కనే గాక ఉన్న లెక్కను కూడ వ్రాసిపెట్టును. అంచనాల ఉద్యోగి తప్పుడు కొలత వేయలేదు, అంతే. దొరల వేటలకంటె, దర్బారులకంటె, నవాబుల దీపములకంటె ఈ బారులే మాకు ఆయన జీవితములో ప్రధానముగ గనబడుచున్నవి. ఆక్షేపించువారు తమ మాటను ఇంకొకసారి యోచించుటకు మేము చూపగల సాక్ష్యమును ఇదియే.

అయినను ఆయనను దేశభక్తునిగ నలంకరింప మాకు మనసొప్పదు. జాతులకు మచ్చులవంటి పటములను ఆయన సంస్థయు దీయకపోలేదు. అట్టివానికి తెల్లవారిలో గిరాకి యుండెను. కోటలును దేవిడీలును కనబడినంతగ తెలంగాణపు పల్లె ఆయన పటములలో కానరాదు. వెట్టిచాకిరి యసలే కానరాదు. 1885 డిసెంబరులో బొంబాయిలో కాంగ్రెసు పుట్టెను. అదే యేట ఆయన డఫ్రిను కొలువు జేరిరి. రెండు దారులు ఒకే సంవత్సరమున బయలుదేరి యెన్నడును కలిసికొనలేదు. దాచి లాభము లేదు.

1903 జనవరి 1 వ తేదీన కర్జను ఢిల్లీలో జరిపిన దర్బారును దీనదయాళుగారు చిత్రించిరి. ఏనుగులమీద అంబారీలు, అంబారీలలో రాజులు, రాజులందరికి పైన రాజప్రతినిధి. కఱవుతాకిడి మానకముందే ఇంత వ్యయమా యని ఆ సంవత్సరము చివర మద్రాసు కాంగ్రెసు అధ్యక్షపీఠమునుండి లాలమోహన ఘోషుగారు తీవ్రముగ నిరసించిరి. ఔరంగాబాదు బారులును ఢిల్లీ యేనుగులును నాలుగేండ్లయెడముతో ఒకే సంస్థ పెట్టెలో ప్రక్కప్రక్కన జేరినవి. ఘోషుగారి యుపన్యాసమునకు బొమ్మలు కావలసియున్న వేరెక్కడను వెదుకనక్కరలేదు.

చివరిదినములు సుఖముగ గడువలేదు. 1904 లో కుమారుడు ధరమ్‌చంద్ గారు మృతినొందిరి. మరుసటి యేడు, 1905 జూలై 5 వ తేదీన, దీనదయాళుగారు బొంబాయిలో కాలధర్మము చెందిరి. ఆయన పటము దీసిన కర్జను ఆ నెలలోనే వంగరాష్ట్ర విభజనమును ప్రకటించెను. అక్టోబరు 16 వ తేదీన అది యమలులోనికి వచ్చెను. అప్పటినుండి ఈ దేశమున రాజప్రతినిధుల పటములు గోడలనుండి దిగుట యారంభమైనది. జ్ఞానచంద్ గారు సంస్థను కొంతకాలము నడపిరి గాని తండ్రినాటి వైభవము తిరిగి రాలేదు.

గాజుపలకలు మిగిలినవి. పగులుట వాని స్వభావము. అయినను వేలకొలది పగులక మిగిలినవి. 1989 లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారు 2857 పలకలను సేకరించి భద్రపరచిరి. 2006 లో భారత తపాలాశాఖవారు ఆయన బొమ్మతో బిళ్ల వెలువరించిరి. ఇతరుల ముఖములకు బ్రతుకంతయు వెచ్చించినవాని ముఖము ఇట్లు ఉత్తరములమీద ఇంటింటికి తిరిగినది.

ఆ పలకల మూల ఒక అంకెయు, దాని ప్రక్క పేరును గీయుట సంస్థవారి యలవాటు. తొలినాళ్ల పటములలో లాలా దీనదయాళు అని యుండును. బిరుదు వచ్చిన పిదప రాజా దీనదయాళు అండ్ సన్సు అయినది. పేరు మారినను అంకెవేయుట మాత్రము మానలేదు. ఇందూరు కచేరీలో అంచనాకాగితముల కంకె వేసిన చేయి, నిజాము మేడకును అంకె వేసెను, గ్వాలియరు గోడకును వేసెను.